హెవీ లైసెన్సు... లైటుగా!

లారీ డ్రైవరు కావాలంటే దారులు మూడు.

మొదటిది క్లీనర్ గురుకులం. ఏళ్ల తరబడి టైర్లు తట్టి, అద్దాలు తుడిస్తే, డ్రైవరన్నకు కునుకొచ్చిన రాత్రి స్టీరింగు చేతికొస్తుంది. చట్టం దాన్ని నేరమంటుంది, హైవే పాఠమంటుంది. ఫీజు లేదు, తిట్లు ఉచితం.

రెండోది ప్యాకేజీ బడి. ‘‘ఫొటోలిచ్చి వెళ్లండి సార్, మిగతాది మేం చూసుకుంటాం!’’

మూడోది 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రం. రెండెకరాల స్థలం, సిమ్యులేటర్, బయోమెట్రిక్ హాజరు, ఆరు వారాల్లో 38 గంటల శిక్షణ. అక్కడ పాసైతే ఆర్టీవో దగ్గర డ్రైవింగ్ టెస్టు అక్కర్లేదు.

మనవాళ్లకు ఈ ఆఖరి ముక్క మాత్రం భలే నచ్చింది. ఆ 38 గంటలకూ మినహాయింపు ఎప్పుడిస్తారని ఎదురుచూపులు!

బడిలో చేరేవారికో మనవి: ఫీజు ఎంతని అడిగే ముందు, లారీ ఎక్కడుందో చూపించమనండి.