మంట కబురు పెట్టేది నేనే

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) విప్పగానే దగ్గు ముంచుకొచ్చేది నా వల్లే. కాగే గిన్నెను వట్టి చేత్తో పట్టుకున్నవాళ్లు చటుక్కున వదిలేయడంలోనూ నాకు వాటా ఉంది. నా పేరు టీఆర్‌పీవీ1. మీ నొప్పి నరాల కొసల్లో, కణం పైపొరలో ఇమిడి ఉండే ప్రోటీన్‌ని. నాలుగు ముక్కలు ఒకచోట చేరి, మధ్యలో సన్నటి దారి విడిచి నిలబడితే అది నేను. వేడి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటినా, మిరపలోని కాప్సైసిన్ వచ్చి అంటుకున్నా ఆ దారి తెరుచుకుంటుంది. కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. నరం వెన్నుపాముకు కబురు పంపుతుంది.

ఇంత పని చేస్తున్నా నా ఆచూకీ మనుషులకు 1997 దాకా దొరకలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్, మైకేల్ కాటెరీనా, వారి సహచరులు నన్ను పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ ఇష్టం. నొప్పి నరాల్లో పనిచేసే జన్యువుల ప్రతులను గుంపులుగా తీసి, కాప్సైసిన్‌కు ఏమాత్రం చలించని కణాల్లోకి ఎక్కించారు. కాల్షియం చొరబడితే వెలుగు మారే రంగును కూడా వాటిలో నింపారు. పైన కాప్సైసిన్ వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. ఒక గుంపులో కొన్ని కణాలు వెలిగాయి. ఆ గుంపును విడదీసి, మళ్లీ విడదీసి, చివరికి ఒకే ఒక్క జన్యువు దగ్గర ఆగారు. అది నాది. 2021లో జూలియస్‌కు, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

నా దారి మూసేస్తే దీర్ఘకాలపు నొప్పి పోతుందని మందుల కంపెనీలు పరుగందుకున్నాయి. ఆ ఆశకు ఆధారం ఉంది. ఒంట్లో వాపు వచ్చినచోట ఊరే ఆమ్లం, బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు వంటి రసాయనాలు నన్ను రెచ్చగొడతాయి. అప్పుడు నేను మామూలు ఒంటి వేడికే తెరుచుకుంటాను. నేను లేకుండా పుట్టించిన ఎలుకలు కాప్సైసిన్ కలిపిన నీళ్లను జంకకుండా తాగాయి. వాపు వచ్చినా వాటికి వేడి అంటే భయం పెరగలేదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. దవడ పన్ను తీయించుకున్నవాళ్లకు నా దారి మూసే మందొకటి ఇస్తే ఒంటి వేడి పెరిగింది, కొందరికి 40 డిగ్రీలకు చేరింది. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి, పరీక్ష ఆగిపోయింది. ఒంటి వేడిని అదుపులో ఉంచడంలో నాకూ చెయ్యి ఉందని అప్పుడు గట్టిగా తెలిసింది. ఇదే తరహా మందులు కొన్ని, ప్రమాదకరమైన వేడిని గుర్తించే శక్తిని తగ్గించాయి. గంజి వార్చే చేతికి అది కాలుతోందని తెలియకపోతే ఆ చెయ్యి ఏమవుతుంది? నొప్పితో ఏళ్ల తరబడి నలిగేవాళ్ల మీద నాకు జాలి ఉంది. అయినా నన్ను పూర్తిగా నొక్కేయడం చికిత్స కాదనే చెబుతాను.

దీనికి ఎదురు దారిలో వెళ్లినవాళ్లు నెగ్గారు. 8 శాతం కాప్సైసిన్ ఉన్న పట్టీని చర్మం మీద గంటసేపు, పాదాలకైతే అరగంటసేపు అంటిస్తారు. దాని ధాటికి నేను తెరుచుకుని అలాగే ఉండిపోతాను. కాల్షియం పోటెత్తి నరాల కొసలు తాత్కాలికంగా వెనక్కి తగ్గుతాయి, కొందరికి నెలల తరబడి ఉపశమనం దొరుకుతుంది. అక్కి తగ్గాక మిగిలే నరాల నొప్పికి అమెరికాలో దీన్ని 2009లో ఆమోదించారు. షుగరు వల్ల పాదాల్లో వచ్చే నరాల నొప్పికి 2020లో అనుమతి వచ్చింది.

2013లో జూలియస్, ఇఫాన్ చెంగ్ బృందాలు నన్ను అణువుల స్థాయిలో చిత్రించాయి. కాప్సైసిన్ నాలో ఎక్కడ కూర్చుంటుందో ఇప్పుడు తెలుసు. అందుకే, వేడిని పసిగట్టే నా శక్తిని ముట్టుకోకుండా, రెచ్చిపోయిన తీరును మాత్రమే అణచే మందు కోసం వెతుకుతున్నారు. నాకు కావలసిన వైద్యం అదే.

అందాకా మీకొక మాట. అక్కి మానిన నెలల తర్వాత కూడా చీర కొంగు తగిలితే మండుతోందని మీ ఇంటి పెద్దావిడ అంటే కసురుకోకండి. ఆమె నరాలు నిజంగానే కబురు పంపుతున్నాయి. పట్టీలో ఉన్నదీ మిరప మందే కదా అని వంటింటి కారం నూరి రాయకండి, చర్మం కాలిపోతుంది. నరాల వైద్యుడికో, నొప్పి వైద్యుడికో చూపించండి.