పట్టి మీద పట్టి: సటీక తాత్పర్యము

మూలము

పట్టి మీద పట్టి పదిలంగ నెక్కించి
పలక లెత్తినావు బరువు మఱచి
ఇరుసులోని నలత యెవ్వరి కెఱుకయ్య
కనుమ నెక్కుదాక కానరాదు

అవతారిక: దొనకొండ పికప్ డ్రైవరొకడు మార్కాపురం పలకరాయి కిరాయికి ఒప్పుకొని, కమాన్ల షెడ్డుకు పోయి "ఇంకో పట్టీ ఎక్కియ్యన్నా" అనగా కవి వాపోయినది.

టీక: పట్టి = కమాన్ పట్టీ; బిడ్డ అని రాసిన వ్యాఖ్యాత షెడ్డు మొగం చూడనివాడు. పదిలంగన్ = సెంటర్ బోల్టు, యూబోల్టులు బిగించి. బరువు మఱచి = ఆర్.సి. పుస్తకాన్ని సీటు కిందికి తోసి. నలత = యాక్సిల్ రాడ్డు పడుతున్న మెలి. కనుమన్ = డోర్నాల దాటి శ్రీశైలం పోవు ఘాటును; గిద్దలూరు వారు నంద్యాల దారి అని చెప్పుకొన్నా దోషము లేదు.

పాఠాంతరము: రెండవ పాదమున 'మిర్చి లెత్తినావు' అని కొందరు. యతి చెడును. దానికి మించి అర్థము చెడును. మిర్చి టిక్కీలతో తొట్టి ముందు నిండును, బరువు తరువాత. పలకరాయికి అది తలకిందులు: ఘనపు మీటరు రెండున్నర టన్నులు దాటును గనుక, 1,300 కిలోల బండిలో జానెడెత్తు పేర్చకముందే పరిమితి ముగియును. ఖాళీగా కనబడు ఆ తొట్టియే డ్రైవరును చెరిచినది.

తాత్పర్యము: అయిదు పట్టీల కట్టకు అదే మందం, అదే పొడవు గల ఆరవది చేర్చిన గట్టితనము అయిదవ వంతు పెరుగును. బండి తోక లేచును. లేచినంత మాత్రాన ఇరుసు బలిసెనా? హౌసింగు అదే, బేరింగు అదే, టైరు, బ్రేకు అవే. ఖాళీగా తిరిగి వచ్చునప్పుడు మాత్రము గుంత గుంతకూ వెనుక చక్రము ఎగురును. అంతగా కావలెనన్న, బరువు పడినప్పుడే తగులు హెల్పర్ పట్టీలు మేలు, అదియు ఆర్.సి. బరువు లోపలనే.

విశేషము: ఇరుసున రెండు మతములు. సెమీ ఫ్లోటింగు అద్వైతము: మోయుటయు తిప్పుటయు ఒక్క రాడ్డే. అది హబ్బు దగ్గర విరిగిన చక్రమునకు మోక్షమే. ఫుల్ ఫ్లోటింగు ద్వైతము: బరువు హౌసింగు గొట్టముది, తిప్పుడు రాడ్డుది, రాడ్డు ఊడబెరికినా చక్రము నిలుచును. ఘాటు మీద రాయి తోలువాడు ద్వైతి కావలెను. క్రౌన్ పినియన్ నిష్పత్తి హెచ్చుగా ఉన్న బండిని ఎంచుకొనవలెను. వేగము తగ్గును, లాగుడు పెరుగును.

ఆక్షేపము: "అందరూ ఏయిస్తానే ఉండారు గదన్నా."

సమాధానము: 2019 సవరణతో మోటారు వాహనాల చట్టము 194వ సెక్షనున అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000. దింపుడు కూలి సైతము బండివాడిదే. తనిఖీ ఆఫీసరు పట్టీలు లెక్కపెట్టడు, కాటా చీటీ అడుగును.