పొరుగింటి పటం

కోల్‌కతాకు పటాలు కొత్త కాదు. 1852లో ఎవరెస్టు ఎత్తు లెక్కగట్టిన రాధానాథ్ సిక్దార్ ఇక్కడి సర్వే కొలువులో పనిచేసినవాడే. 1956లో శివప్రసాద్ ఛటర్జీ జాతీయ అట్లాసు సంస్థకు పునాది వేసిందీ ఈ ఊళ్లోనే. హిమాలయాల కొలతలు కలకత్తా చేరితే, ‘నీది ఏ డొమైన్?’ అని ఏ గుమస్తా ఆపలేదు.

ఇప్పుడు ఈ ఊరి ఐటీ పేట సెక్టర్ ఫైవ్‌లో ఓ కుర్రాణ్ణి ఊహించుకోండి. వానకు నీళ్లు నిలిచే వీధుల మ్యాపు చేస్తున్నాడు. వేరే డొమైన్‌లోని పొరుగు సర్వర్ ఇచ్చిన వార్డుల పొర బొమ్మగా చక్కగా పరుచుకుంది. వార్డు వివరాల కోసం క్లిక్ చేస్తే మాత్రం కన్సోల్ ఎర్రబడుతుంది: ‘యాక్సెస్ కంట్రోల్ అలౌ ఆరిజిన్’ హెడర్ లేదట. అదే లింకు అడ్రస్ బార్‌లో పెడితే నిక్షేపంగా తెరుచుకుంటుంది! పొరుగావిడ కూర గిన్నె నింపి పంపింది, బ్రౌజర్ గుమ్మంలోనే లాక్కుంది. మీ బ్యాంకు ట్యాబులోకి పక్క ట్యాబు తొంగిచూడకుండా 1995లో నెట్‌స్కేప్ మొదలెట్టిన కట్టుబాటు మరి.

మందు పొరుగు సర్వర్‌లోనే ఉంది, హెడర్‌లో ఒక్క వరుస. అందరికీ పంచే డేటాకైతే ఒక్క నక్షత్రం గుర్తు చాలు. డబ్ల్యూ3సీ 2014లోనే ఈ పద్ధతిని ప్రమాణంగా ఖరారు చేసింది. కానీ ఆ వరుస కోసం ఆ సర్వర్ నడిపే ఆఫీసుకు ఉత్తరం రాయాలి. శుక్రవారం డెమో.

సీనియర్ చిట్కా సిద్ధం: క్రోమ్‌లో వెబ్ సెక్యూరిటీ ఆపెయ్. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే, అదీ తన ఒక్క ఇంటికే. మ్యాపు చూసే జనం ఇళ్లల్లో ఎలుకలు క్షేమం. తర్వాత జేసన్‌పీ, 2005 నాటి కిటుకు. డేటా అడిగి, పొరుగువాడు పంపిన కోడును కళ్లు మూసుకుని నడపడం. ఉప్పు బదులడగబోయి వంటిల్లు అప్పగించి రావడం.

ఆఖరికి ప్రాక్సీ. సర్వర్లు తమలో తాము మాట్లాడుకుంటే బ్రౌజర్ అడ్డురాదు గనక మన సర్వరే వెళ్లి తెస్తుంది. తప్పేం లేదు, ఎవరింటికి వెళ్లాలో కట్టడి ఉంటే. పాత ఓపెన్‌లేయర్స్ ప్రాక్సీ స్క్రిప్టులో అనుమతించిన హోస్టుల పట్టిక ఉండేది. మనవాడు మొదట చెరిపేది దాన్నే. ఇక ఎవరు ఏ చిరునామా చెప్పినా తెచ్చిపెడుతుంది. ఆఫీసు లోపలి పేజీలైనా సరే, 169.254.169.254 దగ్గరుండే క్లౌడ్ తాళంచెవులైనా సరే. 2019లో క్యాపిటల్ వన్ నుంచి పది కోట్ల పైచిలుకు మంది వివరాలు పోయింది ఈ తరహా తోవలోనే. సొంత ప్రాక్సీకీ బద్ధకించినవాళ్లు ‘కోర్స్ ఎనీవేర్’ అనే ప్రాక్సీ ఉచిత డెమో మీద వేలాడారు. దుర్వినియోగం మితిమీరి 2021 జనవరి 31న దానికీ కళ్లెం పడింది.

శుక్రవారం డెమో దివ్యంగా జరిగింది. ‘ఇంటిగ్రేషన్ సమస్యను అధిగమించాం’ అని స్లైడు కూడా పడింది. కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాడు, ప్రాక్సీ మాత్రం తిరుగుతూనే ఉంది. నెలాఖరున బిల్లు చూసిన అకౌంట్స్ దాదా ఒక్కడికే అనుమానమొచ్చింది: వార్డుల మ్యాపుకు రాత్రి రెండింటప్పుడు ఇంత గిరాకీ ఏమిటని.