ఆరడుగుల గేటు

నేటికి ఇరువది మూడు దినములైనది. ఉదయపు కాఫీ మొదలు రాత్రి మజ్జిగ దాక మా యింట నడచుచున్నది ఒక్కటే వ్యాజ్యము. వాది మా బావమరిది, ప్రతివాది మా అబ్బాయి. న్యాయమూర్తిననిపించుకొన్న నేను తీర్పు చెప్పవలసిన వేళ యాసన్నమైనపుడెల్ల కూరగాయల నెపమున సంచి చేతబట్టి స్కూటరెక్కుచున్నాను. ఈ మూడు వారములలో నేను తెచ్చిన సొరకాయలకు మా యింటావిడ నన్ను క్షమింపలేదు.

బావమరిది కోరునది పెద్ద డీజిలు బండి, టొయోటా ఫార్చ్యూనరు. అనంతపురమున కాపురమున్నవానికి దానిని వర్ణించి చెప్పనక్కరలేదు. తెల్లని మేను, నల్లని అద్దములు, ముందు భాగమున జెండా కర్ర, లోపల ఎవరో యొకరు. ఆ యొకరు ఎవరైనను త్రోవ తొలగవలసినవారము మనమే. "బావా, ఆ బండి వస్తాంటే హారన్ కొట్టే పని ల్యా, జనమే పక్కకు జరుగుతారు" అనునది అతని వాదమునకు మూలసూత్రము. ముప్పది నాలుగేండ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి, వరండాలో విద్యార్థులు సైతము పక్కకు జరుగకుండ జీవితము గడపిన నాకు ఈ సూత్రము వినగానే మనస్సు చలించిన మాట దాచను. ఆ యంత్రమునకు 500 న్యూటన్ మీటర్ల లాగుడు శక్తి కలదనియు, కొండనైన లాగుననియు అతడు చెప్పును. మా యింట లాగవలసిన కొండలు లేవు.

బెంగుళూరున నుద్యోగము చేయుచున్న మా అబ్బాయి పక్షము వేరు. వాడు చెప్పునది వోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ. 2025లో జర్మనీ సరకుగా మన దేశమునకు వచ్చి, 53 లక్షల రూపాయల ధర పలికిన ఈ కారు చూచువారికి డ్రైవింగు స్కూలు కారునకు పెదతండ్రి కొడుకువలె నుండును గాని, దాని పొట్టలో 265 గుర్రములున్నవట. "నాన్నా, ఆరు సెకన్లు కూడా పట్టదు, వంద అందుకుంటుంది" అని వాడు ఫోనులో నూరవసారి చెప్పినాడు. సాయంకాలము టవర్ క్లాకు దగ్గర ఆరవ సెకనున నూరు కిలోమీటర్ల వేగమందుకొన్నవాడు ఏడవ సెకనున ఏ ఆటో వెనుక నుండునో, ఎనిమిదవ సెకనున ఏ వార్డులో నుండునో వాడు చెప్పలేదు. 1976లో పుట్టిన మొదటి జీటీఐ నాటినుండియు ఆ కారు సీట్లకు గళ్ల గుడ్డ వంశచిహ్నమని ఒక ఛాయాచిత్రము పంపినాడు. అది అచ్చముగ మా నాన్నగారి లుంగీ.

"బియ్యం మూట యాడ పెడతారు?" అని మా యింటావిడ అడిగిన ప్రశ్నకు ఉభయపక్షముల నుండియు నేటివరకు జవాబు లేదు.

లెక్కల మాస్టరును గనుక, మాటలతో తేలని దానిని కొలతలతో తేల్చనెంచి, ఒక ఆదివారము మా యింటావిడ కుట్టుమిషను సొరుగులోని టేపు తీసికొని వీధి గేటు కొలిచితిని. ఆ టేపు అరువది అంగుళములకే ముగియును. మిగిలినదానికి గోడపై బొగ్గుతో గీత గీసి మరల నక్కడనుండి మొదలుపెట్టవలెను. సరిగా ఆరడుగులు, అనగా 1829 మిల్లీమీటర్లు. ఫార్చ్యూనరు వెడల్పు 1855. అర్ధకోటి పోసి కొన్న వాహనము, పక్కకు జరుగుట తెలియని మా గేటు ముందర, ఇరువది యారు మిల్లీమీటర్ల తేడాతో వీధిలోనే నిలిచిపోవలసినదన్నమాట. గోల్ఫు వెడల్పు 1789. అద్దములు ముడుచుకొని, డ్రైవరు ఊపిరి బిగబట్టినచో లోనికి వచ్చును. అబ్బాయి ఫోనులోనే చప్పట్లు కొట్టెను. కాని గేటు ముందర మురుగుకాలువ, దానిపై మేస్త్రీ తన యిష్టానుసారముగ వేసిన మిట్ట బండ యొకటి కలదు. భూమికి బెత్తెడున్నర యెత్తున ప్రాకు ఆ కారు బండమీద కెక్కిన క్షణమున ముందు చక్రములు ఇంటివైపు, వెనుక చక్రములు వీధివైపు, కడుపు బండమీద, త్రాసువలె ఊగుచుండును. బండ యెక్కగలిగినది గేటు పట్టదు. గేటు పట్టినది బండ యెక్కదు.

డీజిలన్నంతనే ఒక సంగతి జ్ఞప్తికి వచ్చినది. వ్యాజ్యమునకు దీనితో సంబంధము లేదు గాని చెప్పక మానలేను. 1900 సంవత్సరమున పారిస్ మహాప్రదర్శనమున రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన తెగకు చెందిన యంత్రమొకటి నడచినది. అందు పోసిన ఇంధనము వేరుసెనగ నూనె. అవును, మన చెనిక్కాయల నూనెయే. ఆఫ్రికాలోని తమ వలసలలో వేరుసెనగ విరివిగా పండును గనుక అక్కడి నూనెతో అక్కడి యంత్రములు నడచునేమో చూడవలెనని ఫ్రెంచి ప్రభుత్వమునకు కోరిక పుట్టినది. ఖనిజ తైలమునకై చేసిన ఆ యంత్రము, మరయైన మార్పక, ఈ నూనెతో ఎంత సాఫీగ నడచినదన, చూడవచ్చినవారిలో బహు కొలదిమందికి తప్ప ఆ సంగతి తెలియనే లేదట. నమ్మశక్యము గాదు! అనంతపురము వాడొక్కడు ఆ గుంపులో నుండిన, వాసన పట్టి, మిరపకాయ బజ్జీలెక్కడ వేయుచున్నారని అడిగియుండును.

ఆ దారినే లోకము నడచియున్నచో ఎట్లుండెడిదో యోచింపుడు. పెట్రోలు బంకులకు బదులు గానుగలు. ఎడారి షేకులకు బదులు ధర్మవరము, కదిరి రైతులు. చెనిక్కాయల ధర పెరిగిన దినమున లండనులో గగ్గోలు. ప్రతి లారీ వెనుకను బజ్జీల వాసన కమ్ముకొని, దాని వెంట పోవువానికి నోరూరి బ్రేకు వేయుట మరచి ప్రమాదములు. ఇంధనము తక్కువైనపుడు పక్కింటికి గిన్నె పట్టుకొనిపోయి, "ఒక గరిటెడు నూనె ఇస్తారా, పెనుకొండ దాకా పోవాల" అనుట. పండుగనాడు ఏ యింట కారు కదలదు. నూనె యావత్తు బూరెలలోనికి పోయి యుండును. నేడు లీటరు వేరుసెనగ నూనెకు లీటరు డీజిలు కంటె ధర యెక్కువ గనుక, బావమరిది కోరు బండిలో మా వంటింటి నూనె పోసినచో దానిని తోలినవాడు కాదు, తాలింపు మానుకొన్నవాడు నష్టపడును. ఈ భాగమును వినిపించగా మా బావమరిది, "బావా, కథ చెప్పక తెల్లదా నల్లదా చెప్పు" అనెను.

ఆ డీజిల్ గారు 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, ఇంగ్లండునకు పోవుచున్న ఓడలో భోజనము చేసి గదికి వెళ్లి, మరల నెవరికిని సజీవుడై కనబడలేదు. అప్పులలో నిండ మునిగియుండెనని తరువాత తెలిసినది.

చెనిక్కాయలను నమ్ముకొని అప్పులలో మునుగు సంగతి మా నాన్నగారికి జర్మనీవాడు నేర్పనక్కరలేదు. పెనుకొండకు దిగువను, నేడు నలుబది నాల్గవ జాతీయ రహదారి యనుచున్న దారి ప్రక్కను, ఆయనకు నాలుగెకరముల మెట్ట చేను. ఎండిన కాయను చెవి దగ్గర పెట్టుకొని ఆడించి, గింజ గలగలలాడినచో సంచిలో వేసి, లేనిచో దోసిటిలోని తక్కిన కాయలవంక కొంచెముసేపు చూచెడివారు. వానలు కురియని యేండ్లు కురిసిన యేండ్లకంటె ఎక్కువ. ఎర్రమంచిలో 2019లో కార్ల కర్మాగారము నుండి కార్లు వెలువడుటతో ఆ చుట్టుపట్ల నేలకు ధర వచ్చినది. ఈ యిరువది మూడు దినములుగా మా యింట ఏ సొమ్మును గూర్చి వ్యాజ్యము నడచుచున్నదో అది ఆ చేను అమ్మిన సొమ్మే. అప్పులలో మునిగియు ఆయన అమ్మని దానిని, రూపాయి అప్పు లేని నేను, ధర బాగున్నదని అమ్మితిని. రిజిస్ట్రారు కచేరీలో వేలిముద్ర వేసిన తరువాత, సిరా తుడుచుకొనుటకు ఒకడు పాత వార్తాపత్రిక ముక్క యిచ్చెను. ఎంత తుడిచినను ఆ దినమంతయు వ్రేలు నీలముగనే యుండెను.

వ్యాజ్యము ఇంకను తీరలేదు. అయినను నిన్న మేస్త్రీ వచ్చి కాలువ మీది బండ పగులగొట్టి, గేటు పీకి, స్తంభమును ఒకవైపునకు జరిపి ఎనిమిదడుగుల గేటు నిలిపి పోయినాడు. నా స్కూటరు అందులోనుండి మిక్కిలి సుఖముగ పోవుచున్నది.