పదిహేనోసారి మందు మానేయడం ఎలా?

మందు మానేశాడన్న పేరు రావాలి, మందు మాత్రం పోకూడదు. ఈ రెండు కత్తులూ ఒక ఒరలో ఇమడవని కొందరు వాదిస్తారు. నేను పద్నాలుగు సార్లు ఇమిడ్చి చూపించాను. కింది చిట్కాలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. మంచి ముహూర్తం చూసుకోండి. ఈరోజు మాత్రం పనికిరాదు. ఉగాది, పుట్టినరోజు, జనవరి ఒకటి ఫరవాలేదు. అన్నిటికన్నా శ్రేష్ఠం అక్టోబరు 2. గాంధీ జయంతికి షాపులు ఎలాగూ మూసేస్తారు కాబట్టి మీ ప్రతిజ్ఞకు ప్రభుత్వమే కాపలా కాస్తుంది. ఒకటో తారీఖు సాయంత్రమే రెండు ఫుల్ బాటిళ్ళు తెచ్చి బియ్యం డ్రమ్ములో దాచండి. అవి చుట్టాల కోసం.

2. ఆఖరి సిట్టింగ్ పెట్టండి. ఇన్నేళ్ళ స్నేహానికి వీడ్కోలు చెప్పడం ఒక్క రాత్రిలో తెమిలే పని కాదు. నా పదకొండో వీడ్కోలు వినాయక చవితికి మొదలై దీపావళికి ముగిసింది.

3. వాట్సాప్‌లో స్టేటస్ పెట్టండి. అభినందించిన వాళ్ళలో ఒకడైనా పార్టీ అడుగుతాడు. ఇవ్వకపోతే మర్యాద కాదు.

4. బీరును మందు కింద జమకట్టకండి. మా బావమరిది ఓసారి కాగితం తీసి లెక్క వేశాడు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో ఎనిమిది శాతం చొప్పున 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో సుమారు 77. అంటే రెండు బీర్లు క్వార్టర్‌ను దాటేస్తాయట. అప్పటినుంచి వాడితో మాటల్లేవు. కల్లు అయితే మరీ మంచిది, చెట్టు నుంచి దిగిన ప్రకృతి ప్రసాదం. కొన్నిచోట్ల అందులో అల్ప్రాజోలం కలుపుతున్నారని పేపర్లు రాస్తుంటాయి. మీరు పేపరు మానేయండి, అది తేలిక.

5. డాక్టరు దగ్గరికి వెళ్ళకండి. రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చంటారు. రెండో రోజుకో మూడో రోజుకో లేనివి కనిపిస్తాయనీ, అది ప్రాణం మీదికి తెస్తుందనీ, అందుకే దగ్గరుండి చూసుకుంటూ, మాత్రలు ఇచ్చి వాటిని మెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిను ఇస్తూ మాన్పించాలనీ అంటారు. డాక్టర్లకేం, అలాగే అంటారు. చేతులు వణికితే చలిజ్వరమనండి. గోడ మీద చీమలబారు మీకొక్కరికే కనిపిస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించుకోండి. ఎర్రగడ్డ ఆస్పత్రి గేటు దాటితే లోకం ‘పిచ్చోడు’ అంటుంది. మురిక్కాలవ పక్కన పడుంటే ‘అయ్యో పాపం’ అంటుంది. ఏది గౌరవమో మీరే తేల్చుకోండి.

6. ఇంట్లోవాళ్ళు బలవంతాన తీసుకెళ్ళారే అనుకోండి, డాక్టరు డైసల్ఫిరాం మాత్రలు రాయొచ్చు. అవి వేసుకుని తాగితే ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. కాబట్టి మాత్రను నాలుక కింద దాచి, మీ ఆవిడ ముందు గ్లాసెడు నీళ్ళు తాగి, పెరట్లో జామచెట్టు మొదట్లో ఉమ్మేయండి. మా జామచెట్టు ఏడాదిగా చుక్క ముట్టలేదు.

7. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకు ఒక్కసారి వెళ్ళిరండి, చెప్పుకోవడానికి బాగుంటుంది. 1935లో అమెరికాలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్ళే, కలిసి మొదలెట్టారట. మెట్లు పన్నెండు. అలిపిరి నుంచి కొండెక్కినవాళ్ళం, పన్నెండు ఒక లెక్కా అనుకున్నాను. తీరా చూస్తే మొదటి మెట్టే ‘ఇది నా చేతుల్లో లేదు’ అని ఒప్పుకోవడం! ఎనిమిదో మెట్టులో మీరు బాధపెట్టిన వాళ్ళ జాబితా రాయమంటారు. మిమ్మల్ని బాధపెట్టిన వాళ్ళ జాబితా రాసుకోండి. నాది మా మామగారితో మొదలై మూడు పేజీలు వచ్చింది.

8. ఏటా అయ్యప్ప మాల వేసుకోండి. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకపోతే ‘నేను ఎప్పుడనుకుంటే అప్పుడు మానగలను’ అనే మాటకు ఏడాది పొడుగునా సాక్ష్యం ఉంటుంది. మాల తీసిన సాయంత్రమే బాకీ తీర్చేయండి.

9. తిరగబెడితే కుంగిపోకండి. ఒక్క పెగ్గుతో వ్రతం చెడింది కనుక సీసాలో మిగల్చడం దండగ. సాకులు ముందే రాసిపెట్టుకోండి: ఇండియా గెలిచింది, ఇండియా ఓడింది, ఆవిడ అరిచింది, ఆవిడ అసలు మాట్లాడటం లేదు. చరిత్ర కూడా మన పక్షమే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. 1997లో ప్రభుత్వమే గేట్లు ఎత్తేసింది. అంత పెద్ద రాష్ట్రం రెండేళ్ళకు తిరగబెట్టుకుంటే, మీరు రెండు రోజులకు తిరగబెట్టుకోవడం తప్పా?

10. ప్రతిసారీ పిల్లల తల మీద ఒట్టు పెట్టండి. మొదట్లో మా అమ్మాయి ఏడ్చేది. ఒట్టు నిజమైతే నాన్న మారతాడని, అబద్ధమైతే తనకేదో అవుతుందని భయం. పద్నాలుగోసారి ‘సరే నాన్నా’ అని హోంవర్క్ చేసుకుంది. ఇంట్లో ఇంత ప్రశాంతత ఎప్పుడూ లేదు.

ఇవన్నీ చేశాక కూడా అర్ధరాత్రి నిద్ర పట్టక ఏదో గుబులుగా ఉంటే 14446కు మాత్రం ఫోన్ చేయకండి. మత్తు మానాలనుకునేవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన నంబరు అది. డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు. పైగా ఎత్తుతారు.