ఆటపాక ఇనుప చెట్టు

ఈ కథ చెప్పేది ఆటపాక చెరువు నీళ్లలో నిలబడ్డ ఒక ఇనుప స్టాండు. దీనికి వేళ్లు లేవు, చిగురు తొడగదు. అయినా మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చే రోజుల్లో దీని నెత్తిన ఒకటే పిల్లల గోల. ఏలూరు జిల్లా కైకలూరు పక్కనే ఉన్న ఈ పక్షుల కేంద్రంలో గూడబాతులకు చెట్లు చాలక అటవీశాఖ ఇలాంటి స్టాండ్లు పెట్టించింది. పెట్టించినవాళ్లకు అనుమానం ఉండే ఉంటుంది, పక్షి ఇనుమును ఒప్పుకుంటుందా అని.

ఒప్పుకుంది. పుల్లలు మోసుకొచ్చి పేర్చింది, గుడ్లు పెట్టింది. అప్పటినుంచి ఈ స్టాండు తనను చెట్ల లెక్కలోనే వేసుకుంటోంది.

అయితే చెట్టు వంశంలో తనకంటే పెద్దవాళ్లున్నారని దీనికి తెలుసు. పశ్చిమగోదావరిలోని ఆరేడు గ్రామంలో గూడబాతులు పెద్ద ఎత్తున గూళ్లు కట్టుకుని ఉండటం 1946లో కె.కె. నీలకంఠన్ కంటబడింది. తర్వాతి కాలంలో ఇందుచూడన్ అనే కలంపేరుతో కేరళ పక్షుల మీద పుస్తకం రాసినాయన ఆయనే. ఊళ్లో మనుషుల మధ్యే, చెట్ల మీద గూళ్లు! కొన్ని దశాబ్దాలకే ఆ సందడి చెదిరిపోయింది. గూడబాతు ఒకచోటుకు అలవాటుపడితే ఇక అక్కడే ఉండిపోతుందని ఎవరూ ధీమాగా ఉండకూడదు. ఆ మాట తలుచుకుంటే ఈ స్టాండుకు తన నెత్తిమీది బరువు మరింత ముద్దొస్తుంది.

ఆ బరువూ తక్కువది కాదు. పెరిగిన పక్షి ఒక్కొక్కటీ నాలుగు నుంచి ఆరు కిలోలు తూగుతుంది. మూడో నాలుగో సుద్దరంగు గుడ్లు పెట్టి, నెల రోజుల పాటు ఆడదీ మగదీ వంతులవారీగా పొదుగుతాయి. బయటపడ్డ పిల్లకు ఒంటిమీద ఈకన్నది ఉండదు, తర్వాత తెల్లటి నూగు వస్తుంది. పెద్దది చేపతో వాలిందో లేదో, పిల్ల తల మొత్తం దాని ముక్కు సంచిలోకి దూర్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు పిల్లను మింగేస్తోందని హడలిపోతారు. ఫిబ్రవరి చివర ఎండ చురుక్కుమనేసరికి అదే పెద్దపక్షి రెక్కలు కాస్త విప్పి పిల్లలకు నీడపడుతుంది. మనుషులు తెల్లవారుజామునే లేచి ఇంతదూరం రావడానికి ఈ ఒక్క దృశ్యం చాలదా అనిపిస్తుంది ఈ స్టాండుకు.

వాళ్లు రావడానికి ఇంకో కారణమూ ఉంది. ఈ కొద్ది వారాల్లో రెండు లోకాలు ఒకేచోట కలుస్తాయి. ఇక్కడి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల పెంపకంలో ఉంటాయి. శీతాకాలం గడపడానికి ఉత్తరాన్నుంచి వచ్చిన బాతులేమో తిరుగుప్రయాణానికి కొవ్వు పట్టించుకుంటూ ఉంటాయి. పైగా మగబాతులకు పెళ్లి ముస్తాబు వచ్చేసి ఉంటుంది. సూదితోక బాతుకు తోక సన్నగా సాగి ఉంటుంది. మరో చిన్నబాతుకు కంటిమీద నుంచి మెడదాకా తెల్లటి చార తీర్చి దిద్దినట్టు కనిపిస్తుంది. శీతాకాలం మొదట్లో అన్నీ ఒకే మట్టిరంగుగా కనబడి తికమకపడ్డవాళ్లు ఇప్పుడు ఒక్క చూపుతో పేరు చెప్పేస్తారు. కొత్తగా పక్షుల్ని చూడటం మొదలుపెట్టేవాళ్లు ఈ రోజుల్లోనే మొదలుపెట్టాలి.

ఒక ఉదయం పడవలో ఒక బడిపిల్ల మెడలో బైనాక్యులర్స్ తగిలించుకుని వచ్చి, పడవ నడిపే తాతను అడిగింది.

"తాతా, అది రాజహంసేనా?"

"కాదమ్మా, గూడబాతు. ముక్కుకింద సంచి చూడు. పైముక్కు మీద చుక్కలు కనబడుతున్నాయా?"

ఆ పిల్ల చాలాసేపు చూసి "ఆఁ, వరసగా ఉన్నాయి" అంది. కంటి చుట్టూ ఉన్న గులాబీరంగు కూడా పోల్చుకుని పుస్తకంలో రాసుకుంది. చుక్కలు పట్టుకున్న కన్ను ఇక దేన్నీ ఊరికే "కొంగ" అని వదిలెయ్యదు. పక్షుల్ని చూడటమంటే పేర్ల జాబితా పెంచుకోవడం కాదని, ఇలా చూపుకు పదును పెట్టుకోవడమని ఈ స్టాండు నమ్మకం.

కొందరు మాత్రం ఫోటో కోసం పడవను గూటికిందికి తెమ్మంటారు. అప్పుడు ఈ ఇనుముకు ప్రాణం విలవిలలాడుతుంది. పెద్దపక్షి బెదిరి లేచిందంటే పిల్లల మీద ఎండ పడుతుంది, కాకులూ గద్దలూ కాచుకుని ఉంటాయి.

నిజానికి గూడబాతు ఇష్టపడింది ఈ ఇనుమును కాదు, దీని చుట్టూ ఉన్న కొల్లేరు సరస్సు నీటిని. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వాగులు తెచ్చి పోస్తే కొల్లేరు నిండుతుంది, మిగులు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేస్తూనే వచ్చాయి, 2006లో పెద్ద ఎత్తున వాటిని కొట్టించాల్సి వచ్చింది. స్టాండ్లు ఎన్నయినా చేయించొచ్చు. కొల్లేరును చేయించలేరు.

మార్చి ముదిరేకొద్దీ ఉత్తరాది బాతులు ఖాళీ చేసేస్తాయి. ఆలస్యంగా గుడ్లు పెట్టిన జంటలకు మాత్రం పిల్లలు ఇంకా గూళ్లలోనే ఉంటాయి, రెక్కలు ఊపి చూసుకుంటూ. ఆ రోజుల్లో వచ్చేవాళ్లకు పడవ తాత ముందే చెప్పేస్తాడు: "దగ్గరకు పోనివ్వనండి. ఇక్కణ్నుంచే చూడండి, బాగా కనబడతాయి."