పిట్టగోడ వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: ఆరుద్ర కార్తెలో, సార్వా నారుమళ్ళ వేళ, కోనసీమలో ఒక ఇల్లాలు డాబా మీద బట్టలారవేయుచు, పెసరగింజంత జీవి నొకదానిని కాంచి, పుత్రుని కిట్లు ఆనతిచ్చినది.

మూలము: "ఒరేయ్ బాబూ! పిట్టగోడ మీద ఏదో పురుగు పాకుతుంది, చీపురట్టుకురా!"

టీక:

పిట్టగోడ మీద = ఎండకు కాగి ఈగలు వాలుచోట. ఈగల కొరకు వచ్చినది దూకుడు సాలీడు. ఇది వల పన్ని వేటాడదు. దీని ఎనిమిది కన్నులలో ముందరి రెండును మోటారుబండి దీపముల వలె పెద్దవి. ఇదియే ప్రధాన లక్షణము.

ఏదో = సందేహార్థకము. కాళ్ళు లెక్కించినచో సగము తీరును.

పురుగు = ఆరు కాళ్ళున్నచో ఒప్పు. ఎనిమిదున్నచో ఇల్లాలు పొరబడినది.

పాకుతుంది = అర్ధసత్యము. వెనుక కాళ్ళలోనికి ఒంటి ద్రవమును ఒత్తిడితో పంపి ఎగురును. జారిపడకుండ ముందే గోడకు పోగు అంటించుకొనును.

చీపురు = కొబ్బరీనెల బ్రహ్మాస్త్రము.

అట్టుకురా = తెమ్ము. ఇది గోదావరి పలుకు గనుక సాధువే.

శంక: అది ఎర్రచీమ కారాదా?

సమాధానము: కావచ్చును. కాని మామిడాకులు కలిపి గూడు కట్టు ఎర్రచీమ వేషము వేయు సాలీడు గలదు. ముందరి రెండు కాళ్ళెత్తి మీసములుగా ఆడించుచు, తక్కిన ఆరింటితో నడచును. పుల్లతో కదిపినప్పుడు దారము పట్టి వ్రేలాడినచో వేషము బయటపడును.

శంక: ఎనిమిది కాళ్ళున్న ఆరుద్ర పురుగు సాలీడేనా?

సమాధానము: కాదు. చుట్టము మాత్రమే. సాలీటి దేహము రెండు భాగములు, నడుమ సన్నని నడుము. ఆరుద్ర పురుగుది ఒకటే ముద్ద.

తాత్పర్యము: ఈగలను పట్టు కూలి అడగని వేటగానిని కొట్టుటకు ఆయుధము తెమ్మని భావము. మనిషికి దీనివలన ప్రమాదము లేదు.

విశేషములు: చేనిగట్టున గుడ్లసంచిని వెనుక తగిలించుకొని పరుగెత్తునది తోడేలు సాలీడు, గుడ్ల నుండి వెలువడిన పిల్లలను వీపున మోయును. వరి ఆకు పొడవునా కాళ్ళు చాచి, ఆకులో ఆకై యుండునది పొడవు దవడల సాలీడు. మొదటిది వరి దుబ్బుల మొదట రసము పీల్చు సుడిదోమను భక్షించును. ఆ దోమను తట్టుకొనుటకే మారుటేరు పరిశోధన కేంద్రము వారు విజేత (ఎం.టి.యు. 1001) వంటి వంగడములు రూపొందించిరి. ఎడాపెడా మందు కొట్టినచో ముందు సాలీళ్ళు చచ్చును. అడ్డు తొలగిన దోమ మరల ప్రబలును.

ఆక్షేపము: శ్రీకాళహస్తిలో ముక్తి నొందిన సాలీటి వంశమునకు కోనసీమలో చీపురు దెబ్బలా?

ఫలశ్రుతి: ఈ టీక చదివి, చీపురెత్తుటకు ముందు కాళ్ళు లెక్కించువారికి ఈగల బాధ కొంత తగ్గును. లెక్కించు తీరిక లేనివారు సైతము చీపురును మూలకు ఆనించి, వేటను వేటగానికే వదలవలెనని వ్యాఖ్యాత మనవి.